బావి వకీలు

మద్రాసులో బి.ఎల్. చదివి మార్కాపురంలో బోర్డు కట్టిన కరుణాకరానికి మొదటి రెండేళ్ళూ కేసులు లేవు. వీధి గదిలో బల్ల ఉంది, రెండు కుర్చీలున్నాయి, బీరువాలో లా పుస్తకాలున్నాయి. ఆయన భార్య యేసుమణి మిషను బాలికల బడిలో పంతులమ్మ. పొద్దున ఆమె బడికి పోయేటప్పుడు ఆయన బల్ల ముందు కూర్చుని ఏదో చదువుతూ ఉండేవాడు. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉండేవాడు. ఇల్లు ఆమె జీతంతోనే నడిచేది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. ఊళ్ళో మునసబు కోర్టూ మెజిస్ట్రేటు కోర్టూ ఉన్నాయి గనక వకీళ్ళకు కొదవలేదు. కరుణాకరం తండ్రి సత్యానందం పెద్దారవీడులో కూలిపని చేస్తూ, ప్రతి ఆదివారం అంటరానివాళ్ళని ఊరవతల పెట్టిన పేటలో ప్రార్థన నడిపిన మనిషి. ఆ పేట నుంచి వచ్చినవాడి గుమ్మం రైతులు ఎట్లాగూ తొక్కరు. యేసుమణికి బాధ కలిగించింది అది కాదు. తమ క్రైస్తవ సంఘం వాళ్ళే, తమతో కలిసి గుడిలో పాటలు పాడేవాళ్ళే, కేసు పడితే తలుపు ముందు నుంచే నడిచిపోయి పెద్ద వకీళ్ళ అరుగుల కింద చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

“మనోడు మంచోడే అమ్మా. అయితే కోర్టులో వాళ్ళ మాట చెల్లినట్ల మన మాట చెల్లుతాదా?” అన్నాడొకాయన ఆమెతోనే.

ఆమె ఇంటికొచ్చి ఆ మాట భర్తకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు.

పందొమ్మిది వందల ఇరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో రూతమ్మ వచ్చింది. పుల్లలచెరువు దాటి అడవి అంచున ఉన్న పల్లె ఆమెది. వయసు యాభై దాటిన వితంతువు, చేలల్లో కూలికి పోయి బతికేది. వెంట తమ్ముడు ఆశీర్వాదం ఉన్నాడు. ఊళ్ళో ఉన్న వకీళ్ళందరి దగ్గరకూ పోయి, ఎవరూ పట్టించుకోక, చివరికి ఇక్కడికి వచ్చామని ఆశీర్వాదం దాచకుండా చెప్పాడు.

జరిగింది ఇది. ఎండలకు పేటవాళ్ళ చెలమ ఇంకిపోయింది. రూతమ్మ మనవరాలు జ్వరంతో పడి ఉంది. తెల్లవారుతుండగా రూతమ్మ పోయి ఊరి బావిలో చేద వేసి కడవెడు నీళ్ళు తోడుకుంది. ఆ బావి తాలూకా బోర్డు తవ్వించినది, అయినా పేటవాళ్ళను ఎన్నడూ దాని గట్టెక్కనివ్వలేదు. ఊరి పెద్ద రైతు చెన్నకేశవులు చూశాడు. కడవ పగలగొట్టించాడు. అంతటితో ఊరుకోక పోలీసులకు ఫిర్యాదు చేశాడు. బావి నీళ్ళు పాడుచేసిందని రూతమ్మ మీద కేసు పెట్టారు.

“తప్పయిందని ఒప్పుకో, జరిమానా ఏసి ఇడిచిపెడతారు అంటాండారు నాయనా. ఒప్పుకోమంటావా?” అని అడిగింది రూతమ్మ.

“నువ్వు ఏం చేసినావు?”

“నీళ్ళు చేదుకున్నా.”

“అది తప్పేనా?”

రూతమ్మ తలుపు దగ్గరున్న యేసుమణి వైపు చూసింది. “పిల్ల నాలిక పిడచగట్టుకపోతాంటే ఏం జేసేది తల్లీ?”

“నేనడిగేది అది కాదత్తా. తప్పు చేసినావా, లేదా?” అన్నాడు కరుణాకరం.

రూతమ్మ తలెత్తి, “లేదు” అంది.

“అయితే మెజిస్ట్రేటు అడిగినప్పుడు ఆ ఒక్కమాటే చెప్పు. మిగతాది నేను చూసుకుంటా.”

విచారణకు ముందు కరుణాకరం ఆ పల్లెకు పోయి ఒక పూటంతా తిరిగి వచ్చాడు. ఎండకు మొహం నల్లబడి ఉంది. దాహమేస్తే ఊళ్ళో ఎవరో తన దోసిట్లో ఎత్తు నుంచి నీళ్ళు పోశారని, కోటు తడిసిందని నవ్వుతూ చెప్పాడు. యేసుమణికి నవ్వు రాలేదు. ఆ కోటు ఉతికి ఆరేస్తూ, ఈ కేసు ఈయన గెలవకపోతే నా మనసు కుదుటపడదు అనుకుంది.

విచారణ రోజున ఆమె బడికి సెలవు పెట్టి కోర్టుకు పోయింది. రూతమ్మ కాక అక్కడున్న ఆడమనిషి తనొక్కతే. లోపల కూర్చోవడానికి మొహమాటపడి వరండాలో కిటికీ పక్కన నిలబడింది. ఫిర్యాదు పక్షాన ఊళ్ళోకెల్లా పెద్ద వకీలు వచ్చాడు. చెన్నకేశవులు బోనెక్కి, తెల్లటి తలపాగా సర్దుకుని, చూసింది చూసినట్టు చెప్పాడు. బావి మైలపడిందని, పురోహితుణ్ణి పిలిపించి శుద్ధి చేయించామని చెప్పాడు.

కరుణాకరం లేచాడు. ఆయన గొంతు అంత నెమ్మదిగా ఉంటుందని యేసుమణి అనుకోలేదు. ఇంట్లో గోంగూర పచ్చడి ఇంకాస్త వెయ్యమని అడిగే గొంతే అది.

“శుద్ధి ఏ రోజు చేయించినారు?”

“మర్నాడు. పురోహితుడు పక్క ఊరినుంచి రావాల గదా.”

“మీ ఊళ్ళో ఇంకే బావిలోనన్నా నీళ్ళుండాయా?”

“యాడివి? ఈ ఎండలకి అన్నీ ఎండిపోయినాయి.”

“రూతమ్మ చేద వేసిన రోజు మీ ఇంట్లో పొయ్యి రాజేసినారా?”

చెన్నకేశవులు చిరాకుపడ్డాడు. “రాజెయ్యకుండా ఎట్ల? ఇంతమంది తినే ఇల్లు.”

“అన్నానికి ఎసరు ఏ నీళ్ళతో పెట్టినారు?”

పెద్ద వకీలు లేచి, ఇంటి వంట సంగతికీ కేసుకూ సంబంధం లేదన్నాడు. మెజిస్ట్రేటు అప్పటిదాకా రాసుకుంటున్న కలం ఆపి, “సాక్షి జవాబు చెప్పాలి” అన్నాడు.

చెన్నకేశవులు తలపాగా మళ్ళీ సర్దుకున్నాడు. ఆ మనిషికి అహంకారం ఉందిగాని ప్రమాణం చేసి అబద్ధమాడే నాలుక కాదు. “ఆ బావి నీళ్ళే” అన్నాడు.

“తాగింది?”

“అవే.”

“నీళ్ళ రంగేమన్నా మారిందా? వాసనేసిందా? ఎవరికన్నా సుస్తీ చేసిందా?”

“లేదు.”

కరుణాకరం సాక్షిని ఇంకేమీ అడగలేదు. మెజిస్ట్రేటు వైపు తిరిగి, నీళ్ళు వాడకానికి పనికిరాకుండా చేస్తేనే చట్టం ప్రకారం నేరమని, ఫిర్యాది ఇంటిల్లిపాదీ అదే రోజు అవే నీళ్ళు తాగి, అవే నీళ్ళతో వండుకుని తిని ఆరోగ్యంగా ఉన్నారని, ఇంతకన్నా రూతమ్మ తరఫున తాను చెప్పేదేమీ లేదని కూర్చున్నాడు.

తీర్పు ఇంగ్లీషులో చదివారు. రూతమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. భయంతో కరుణాకరం మొహంలోకి చూసింది.

“అయిపోయింది, పోవచ్చు” అన్నాడాయన.

“యాడికి నాయనా?”

“ఇంటికి.”

ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది. యేసుమణి కిటికీ దగ్గర నుంచి పరిగెత్తి పోయి లేవదీసింది. జనం చూస్తున్నారన్న సంగతి ఆమెకు పట్టలేదు. ఆ క్షణంలో తన భర్తను పేరు పెట్టి గట్టిగా పిలవాలనిపించింది ఆమెకు. పిలవలేదు. ఇల్లు చేరేదాకా ఆయన పక్కనే, ఒక్క అడుగైనా వెనక తగ్గకుండా నడిచింది.

ఆ కేసు తర్వాత ఆయన పేరు ఎవరూ పలకలేదు. అందరికీ ఆయన ‘బావి వకీలు’ అయిపోయాడు. ఎగతాళికి పెట్టిన పేరే అది. కాని దోర్నాల వైపు నుంచి, గిద్దలూరు వైపు నుంచి జనం ఆ పేరు అడుగుతూనే వచ్చారు. రిజర్వు అడవిలో పశువులు మేపారని పట్టుబడినవాళ్ళు, దొంగతనం అంటగట్టబడిన పలకల గని కూలీలు, పొలం గట్టు తగాదాలో చెయ్యి చేసుకున్న రైతులు కూడా వచ్చారు. తప్పు చేశావా అని ఆయన అందరినీ ఒకేలా అడిగేవాడు. చేశానన్నవాణ్ణి ఒప్పుకోమని, శిక్ష తగ్గించమని అడుగుతానని చెప్పేవాడు. చెయ్యలేదన్నవాడి ఊరికి స్వయంగా పోయి చూసి వచ్చేవాడు. అబద్ధం చెప్పినవాడికి మర్యాదగానే తలుపు చూపించేవాడు.

ముప్పై ఒకటిలో ఆయనను తాలూకా బోర్డులోకి నామినేటు చేశారు. అక్కడ ఆయన ఒక్క విషయమే పట్టుకున్నాడు. అడవి అంచు పల్లెల్లో కొత్త బావులు తవ్వాలి, అవి ఊరికీ పేటకూ నడుమ తవ్వాలి, ఎవరైనా చేదుకోవచ్చని గట్టు మీద చెక్కించాలి. మొదటి సమావేశంలో సభ్యులు నవ్వారు, తర్వాతి సమావేశంలో కోప్పడ్డారు, ఆ తర్వాత వాదనకు దిగారు. “వాదనకు దిగినారంటే సగం దారికొచ్చినట్టే మణీ” అన్నాడాయన భార్యతో. చివరికి కొన్ని బావులే మంజూరయ్యాయి. వాటిలో ఒకదానికి గిలక బిగించిన రోజు యేసుమణి చూడబోయింది. రెండు వైపుల నుంచీ ఆడవాళ్ళు కడవలతో వచ్చి, ఎవరు ముందన్నది తేలక నిలబడిపోయారు. ఆమె పోయి మొదటి చేద తానే తోడి, పక్కనున్న ముసలమ్మ కడవలో పోసింది. ఆ ముసలమ్మది ఏ వైపో ఆమె అడగలేదు.

ఆడవాళ్ళు కూడా వకీలు ఇంటికి రావడం మొదలైంది. వాళ్ళు వీధి గదిలోకి వచ్చేవాళ్ళు కాదు. పెరటి గుమ్మం నుంచి వంటింట్లోకి వచ్చి, యేసుమణి కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చునేవాళ్ళు. మొగుడు కొడుతున్నాడని, మనువర్తి ఇవ్వడం లేదని, పిల్లల్ని చూడనివ్వడం లేదని వకీలుకు చెప్పలేనివన్నీ ఆమెకు చెప్పేవాళ్ళు. ఆమె విని, అడగవలసినవి అడిగి, సాయంత్రం భర్తకు విషయం విడమరిచి చెప్పేది. చాలా కాపురాలను కోర్టు మెట్లెక్కనివ్వకుండానే కరుణాకరం సరిచేశాడు. సరికానివి కోర్టుకు తీసుకుపోయాడు.

ముప్పై నాలుగులో ఒక పొద్దున గూడుబండి ఇంటిముందు ఆగింది. అందులోంచి చెన్నకేశవులు దిగాడు. వెనక తల కప్పుకున్న ఒక యువతి దిగింది. యేసుమణి గుర్తుపట్టి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఒక మాట అనేయాలని నోటిదాకా వచ్చింది. కరుణాకరం అప్పటికే లేచి, “రండి, కూర్చోండి” అన్నాడు.

చెన్నకేశవులు కుర్చీ అంచున కూర్చున్నాడు. “నేను రాననే అన్నా వకీలు గారూ. నా బిడ్డే పట్టుబట్టింది” అన్నాడు.

ఆ బిడ్డ పేరు వెంకటలక్ష్మమ్మ. గిద్దలూరు దగ్గర ఊరికి ఇచ్చారు. మొగుడు రెండో పెళ్ళి చేసుకుని, ఆమెను పుట్టింటికి తరిమి, ఐదేళ్ళ కూతురు సుబ్బులును తన దగ్గరే ఉంచుకున్నాడు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడినా లాభం లేకపోయింది. పెద్ద వకీలు దగ్గరకు పోతే, బిడ్డ మీద హక్కు తండ్రిది, కేసు నిలవదని చెప్పి పంపించాడు.

యేసుమణి మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. చెన్నకేశవులు గ్లాసు వైపు చూశాడు. చెయ్యి కదల్లేదు. “నావల్ల కాదమ్మా. ఇన్నేండ్ల అలవాటు. ఏమనుకోవద్దు” అన్నాడు తలొంచుకుని.

వెంకటలక్ష్మమ్మ గ్లాసు తీసుకుని తండ్రి ఎదుటే గుటగుటా తాగేసింది. “ఇంకొంచెం ఇయ్యక్కా, ఎండన పడి వచ్చినాం” అంది. తర్వాత కరుణాకరం వైపు తిరిగింది. “అప్పుడు మా నాయనను కోర్టులో అడిగినావంట గదా, వంట ఏ నీళ్ళతో అని. ఆ పొద్దు పుట్టింట్లో ఉండి వండింది నేనేన్నా. మా నాయనతో నిజం చెప్పించినోడివి నా మొగుడితో చెప్పించలేవా?”

తండ్రి వినబడనట్టు వీధిలోకి చూశాడు. కరుణాకరం నవ్వాపుకున్నాడు.

కేసు సులువు కాదని ఆయన ఆమెకు దాచకుండా చెప్పాడు. తండ్రే సహజ సంరక్షకుడని చట్టం అంటుంది. అయితే బిడ్డ మేలు ఎక్కడుందో చూడాలని కూడా అదే చట్టం అంటుంది. ఆ రెండో మాట పట్టుకుని కర్నూలు జిల్లా కోర్టులో పిటిషను వేశాడు. బిడ్డ తన ఇంట్లో అల్లారుముద్దుగా పెరుగుతోందని, బడికి కూడా పోతోందని మొగుడు బదులు దాఖలు చేశాడు.

యేసుమణికి ఆ బదులు నమ్మబుద్ధి కాలేదు. గిద్దలూరు నుంచి వచ్చే, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలను వాకబు చేసింది. ఆ ఇంట్లో పిల్ల కనబడి చాన్నాళ్ళయిందని వాళ్ళు చెప్పారు. అర్ధవీడులో పిల్ల తండ్రి తరఫు చుట్టాలున్నారని తెలిసి, బడి సెలవుల్లో బండి కట్టించుకుని అక్కడికి పోయింది. ఊరి బయట మేత బీడులో, కొండయ్య అనే ముసలి మేకలకాపరి వెంట కర్ర పట్టుకుని నడుస్తున్న పిల్లను చూసి పేరడిగింది. సుబ్బులే. జుట్టు అట్టలు కట్టి ఉంది. కాళ్ళకు పల్లేరుకాయలు గుచ్చుకున్న మచ్చలున్నాయి.

కొండయ్య మొదట చెప్పడానికి భయపడ్డాడు. ఆ చుట్టాల బీడులోనే అతని మేకలు మేయాలి. యేసుమణి బతిమాలలేదు. పక్కన రాతిమీద కూర్చుని, పిల్ల కాలి ముళ్ళు ఒక్కొక్కటే తీయసాగింది. కొంతసేపటికి ముసలాయనే నోరు విప్పాడు.

“పొద్దుగూకితే ఒకటే అడుగుతాది తల్లీ. తాతా, మా అమ్మ ఏ దిక్కున ఉంటాది అని. తూరుపని చెప్పినా. ఆ పక్కకే తలపెట్టి పండుకుంటాది.” కండువాతో మొహం తుడుచుకున్నాడు. “ఏంది నేను చెయ్యాల్సింది?”

“ఈ మాటే జడ్జి ముందు చెప్పాల పెద్దాయనా. కర్నూలు రావాల.”

“అది ఏ దిక్కు?”

“పడమర.”

“సరే పద. మేకల్ని నా కొడుకు చూసుకుంటాడు.”

కర్నూలుకు అందరూ రైలులో పోయారు. కొండయ్యకు అదే మొదటి రైలు ప్రయాణం. గిద్దలూరు దాటాక నల్లమల సొరంగంలో చీకటి పడగానే యేసుమణి చెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ వెలుతురొచ్చాక సిగ్గుపడి వదిలేశాడు.

కోర్టు ఆజ్ఞ ప్రకారం తండ్రి సుబ్బులును తీసుకొచ్చాడు. పట్టు పరికిణీ కట్టించారు, తలకు నూనె పెట్టి జడలు వేశారు. తల్లిని చూడగానే పిల్ల కదిలిందిగాని తండ్రి భుజం నొక్కిపట్టాడు. బోనెక్కి, బిడ్డ తన ఇంట్లోనే ఉంటుందని, రోజూ బడికి పోతుందని ఆయన ధీమాగా చెప్పాడు. కరుణాకరం ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. ఆ బడి పంతులు పేరేమిటని అడిగాడు. ఆయన గుర్తులేదన్నాడు. తర్వాత కొండయ్య వచ్చి, తడబడుతూనే అయినా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవతలి వకీలు అతన్ని అబద్ధాలకోరని గద్దించాడు. “నాకేమొస్తాది సామీ, ఇంటికి పోతే మేకలకి మేత గూడా ఉండదు” అన్నాడు కొండయ్య.

జడ్జి పిల్లను దగ్గరకు పిలిచాడు. “రోజూ బడికి పోతావా అమ్మా?” అని అడిగాడు.

సుబ్బులు ఆశ్చర్యంగా చూసింది. “నేను బడికి పోతే మేకల్ని ఎవరు తోలకపోతారు?” అంది.

జడ్జి ఇంకేమీ అడగలేదు. బిడ్డ మేలు తల్లి దగ్గరే ఉందని ఉత్తరువు వేశాడు. వెంకటలక్ష్మమ్మ పిల్లను ఎత్తుకుని ఇంక కిందికి దించలేదు. పట్టు పరికిణీ అక్కడే విప్పి తండ్రి చేతికిచ్చి, తాను కుట్టి తెచ్చిన చీటిగుడ్డ గౌను తొడిగింది. ఆ గౌను పొట్టయిపోయింది. పిల్ల ఎంత పెరిగిందో తల్లికి తెలియక పాత కొలతతో కుట్టింది. అది చూసి యేసుమణికి కళ్ళు నిండాయి.

కోర్టు మెట్ల మీద చెన్నకేశవులు కరుణాకరానికి చేతులు జోడించాడు. తన జన్మలో పేటవాడికి ఆయన పెట్టిన మొదటి దండం అది. కొండయ్య అర్ధవీడుకు తిరిగి పోలేదు. చెన్నకేశవులే అతనికి తన పొలాల్లో మేపుకు చోటిచ్చి, కుటుంబాన్ని పిలిపించాడు. అట్లా సుబ్బులుకు తల్లితో పాటు తాత కూడా దక్కాడు.

తర్వాత పదేళ్ళలో కరుణాకరం జుట్టు నెరిసింది. నలభై రెండులో క్విట్ ఇండియా ఊరేగింపుల్లో పట్టుబడిన బడిపిల్లల తరఫున నిలబడి, అధికారుల కోపానికి గురయ్యాడు. అయినా నలభై ఐదులో, కర్నూలు వచ్చి సర్కారు తరఫున కేసులు నడపమని కబురొచ్చింది. ఆ పదవిలో మర్యాద ఉంది, పట్నంలో ఇల్లు ఉంటుంది. మార్కాపురం వకీళ్ళందరూ, ఒకప్పటి పెద్ద వకీలుతో సహా, ఇంటికొచ్చి అభినందించి పోయారు. వాళ్ళు వెళ్ళాక ఆయన భార్యను అడిగాడు.

“ఏమంటావు మణీ? ఇన్నేళ్ళు ఈ దుమ్ములో కష్టపడినావు. కర్నూలు పోదామా?”

పట్నంలో పెద్ద బడి, కొళాయి నీళ్ళు, మంచి ఆసుపత్రి అన్నీ యేసుమణికి గుర్తొచ్చాయి. ఆశ కలగలేదని ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు. అప్పుడే పెరటి గుమ్మంలో ఎవరో దగ్గారు. పుల్లలచెరువు వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, చంకలో బిడ్డలతో, ఎండన పడి నడిచొచ్చి నిలబడి ఉన్నారు.

“మనం పోతే ఈళ్ళు యాడికి పోతారు?” అందామె.

కరుణాకరం మొహం విచ్చుకుంది. తన మనసులో ఉన్నదీ అదేనని అప్పుడు చెప్పాడు. మర్నాడే, తనకు ముద్దాయి పక్కన నిలబడటమే చేతనవునని మర్యాదగా కబురు పంపాడు.

ఆ సంగతి తెలిసి కొందరు పిచ్చివాడన్నారు. యేసుమణి మాత్రం ఆ పొద్దున బడిలో పాఠం చెబుతూ మధ్యలో రెండుసార్లు తనలో తనే నవ్వుకుంది. పిల్లలు ఎందుకమ్మా అని అడిగితే, ఏం లేదు, చదవండి అంది.